అద్దె ఇంటి బాల్కనీలో వడ్రంగి బల్ల: గోడకు కన్నం పెట్టకుండా కుదురుతుందా?

బాల్కనీ వడ్రంగి, మద్దిలపాలెం:
నమస్కారమండీ. విశాఖలో రెండో అంతస్తులో అద్దెకుంటున్నాం. బాల్కనీ వెడల్పు నాలుగడుగులు, పొడవు తొమ్మిది. ఆదివారాలు అందులోనే చెక్కపని చేసుకుంటాను. పీటలు, చిన్న అరలు, మొన్న మా పాపకో చెక్కబండి. ఇన్నాళ్లూ రెండు ప్లాస్టిక్ స్టూళ్ల మీద పలక వేసి నెట్టుకొచ్చాను. చిత్రిక పడుతుంటే స్టూళ్లు నాకంటే ముందు నడుస్తున్నాయి. పోయిన వారం డైనింగ్ టేబుల్ మీదే ఉలి పెట్టి కొట్టాను. తర్వాత ఇంట్లో ఏం జరిగిందో ఇక్కడ రాయలేను.

నాలుగడుగుల బల్ల చాలు, ఖర్చు ఆరు వేలు దాటకూడదు. గోడకు కన్నం పెడితే ఓనరు గారు ఊరుకోరు. మడతబల్ల మేలా, కాళ్లున్నదా?

సీతమ్మధార నుంచి:
మడతబల్ల చేసి చూశానండీ, 18 ఎం.ఎం. ప్లైవుడ్‌తో. కొలతలు గీసుకోడానికి, స్క్రూలు బిగించడానికి బాగానే ఉంది. చిత్రిక పడితే మాత్రం తబలా. పైగా అది గోడకు బిగించాల్సిందే, మీకు కుదరదు.

గాజువాక రిటైర్డ్ ఫిట్టర్:
తమ్ముడూ, చెక్కను బిగించి పట్టుకునే వైస్ సంగతి తర్వాత చూద్దువుగాని. ముందు బల్లకు బరువుండాలి, ఊగకూడదు.

పైపలకకు కొత్త చెక్క కొనకు. ఇళ్లు పడగొట్టిన సామాను అమ్మేచోట పాత ఫ్లష్ డోర్, అంటే నున్నటి పలక తలుపు, అడుగు. వేలితో తట్టు, డొల్లగా మోగితే వదిలెయ్. మూడడుగుల వెడల్పు తలుపైతే నాలుగడుగుల పొడవు కోసి, దాన్ని నిలువునా రెండు చేసి, ఒకదాని మీద ఒకటి అతికించు. 30 ఎం.ఎం. తలుపు 60 అవుతుంది. మన తేమకు మెరైన్ ఫెవికాల్ నయం. క్లాంపులు లేవా? నీళ్లు నింపిన 20 లీటర్ల క్యాన్లు నాలుగు ఎక్కించు, 80 కిలోల బరువు పడుతుంది.

కాళ్లకు మెషిన్లు వచ్చిన ప్యాకింగ్ చెక్క సరిపోతుంది. విదేశీ పెట్టెల మీద గోధుమ కంకి బొమ్మతో ముద్ర ఉంటుంది. అందులో హెచ్‌టీ అని ఉంటే వేడిచేసి పురుగు చంపిన చెక్క. ఎంబీ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించింది, అది ఇంట్లోకి తేకు. మేకులు పీకేదాకా పనిముట్టు ఆనించకు. నా చిత్రిక బ్లేడుకు పడిన గంటు ఇప్పటికీ ఉంది.

గోడకు కన్నమెందుకు? బల్ల పొట్టి అంచు గోడకు ఆనించి, చిత్రిక గోడవైపే తొయ్యి. ఇంక బల్ల ఎక్కడికి పోతుంది? మధ్యలో రబ్బరు ముక్క పెడితే సున్నం రాలదు. కింద అర కట్టి ఇటుకలు పేర్చు. ఎత్తంటావా, నిలబడి చెయ్యి వేలాడేస్తే మణికట్టు దాకా రావాలి.

కంచరపాలెం నుంచి:
కాళ్ల కింద కూడా రబ్బరు వెయ్యండి, కింద ఇంటివాళ్లు మెట్లెక్కి రాకముందే. ఉలిపని పలక నడుమ కాకుండా కాలు మీదకొచ్చేలా చేస్తే మోత తగ్గుతుంది. మా బల్ల కాళ్లు 2014 అక్టోబరులో హుద్‌హుద్‌ తుఫానుకి మా వీధిలో కూలిన వేపచెట్టువి, ఇప్పటికీ చెక్కుచెదరలేదు. ఉలులు మాత్రం బాల్కనీలో వదిలెయ్యకండి, ఈ ఉప్పుగాలికి ఊరికే తుప్పుపడతాయి. కుట్టుమిషన్ నూనె గుడ్డతో తుడిచి లోపల పెట్టుకోండి.

బాల్కనీ వడ్రంగి, మద్దిలపాలెం:
మూడు ఆదివారాలు పట్టింది, మొత్తం 4,350 అయింది. అన్నా, నువ్వు చెప్పినట్టే గోడవైపు తోస్తుంటే బల్ల ఇసుమంత కదలట్లేదు. అయితే బాల్కనీ నేల తూము వైపు వాలుగా ఉందని బల్ల నిలబెట్టేదాకా నాకు తెలీదు. ఒక కాలు గాల్లో లేచింది, దాని కింద చెక్కముక్క దూర్చాను.

ఇంకోటి, కోసేటప్పుడు తలుపు తాళం కన్నం చూసుకోలేదు. సరిగ్గా నా ముందు అంచులోనే తేలింది. పెన్సిల్ అందులో పెట్టుకుంటున్నాను.