వేరుశనగ బీమా: చేను ఎండినా పరిహారం ఎందుకు రాదు? రీఇన్సూరెన్సుతో మనకేమి సంబంధం?

ధర్మవరం రైతుబిడ్డ:
ఊడలు నేలలోకి దిగి కాయ కట్టే సమయానికి చినుకు లేక మా నాన్నగారి వేరుశనగ మాడిపోయింది. మండల కేంద్రంలోని వర్షమాపకంలో మాత్రం రెండు మంచి వానలు నమోదయ్యాయి కాబట్టి వాతావరణ ఆధారిత బీమా కింద పరిహారం రాదంటున్నారు. రీఇన్సూరెన్స్ డబ్బు అందేదాకా క్లెయిములు ఆపుతారన్న మాట కూడా వినబడుతోంది. తెలిసినవారు చెప్పగలరు.

అనంత సేద్యం:
ఆ బీమాలో మీ చేనును ఎవరూ చూడరండీ. షరతుల్లో రాసిన తేదీల మధ్య నిర్ణీత కేంద్రంలో ఎంత వాన పడిందన్నదే లెక్క. దిగుబడి ఆధారిత ఫసల్ బీమాలోనూ గడచిన ఏడేళ్లలో మెరుగైన ఐదేళ్ల సగటు తీసి, దాన్ని 70, 80 లేదా 90 శాతం పూచీ స్థాయితో గుణించి, పంటకోత ప్రయోగాల్లో (ఎంచుకున్న కొన్ని చేలల్లో కోసి తూచే పరీక్షల్లో) ఆ ప్రాంతం మొత్తానికి తేలిన దిగుబడి అంతకంటే ఎంత తగ్గిందో చూస్తారు. వరుస కరువులు చూసిన మన జిల్లాలో ఆ సగటే కుంగి ఉంటుంది. నా దృష్టిలో వర్షమాపకం కన్నా అసలు దెబ్బ ఇదే.

కడప విశ్రాంత ఉద్యోగి:
రీఇన్సూరెన్స్ డబ్బు అందేదాకా క్లెయిములు ఆపుతారన్న మాట నిజం కాదు. రీఇన్సూరెన్స్ అనేది బీమా కంపెనీకీ, దాని నష్టభారాన్ని పంచుకునే సంస్థకూ మధ్య ఒప్పందం. అవతలివారు చెల్లించినా చెల్లించకపోయినా రైతుకు బాధ్యత వహించవలసింది బీమా కంపెనీయే. వాహన ప్రమాదాలు ఒక్కొక్కటిగా జరుగుతాయి గాని వాన ముఖం చాటేస్తే జిల్లా మొత్తం ఒకేసారి క్లెయిముకు వస్తుంది కనుక, ఆ భారంలో కొంత వాటాను గాని, ఒక హద్దు దాటిన నష్టాన్ని గాని ముంబయిలోని జీఐసీ రీ, విదేశీ స్విస్ రీ, మ్యూనిక్ రీ వంటి సంస్థలకు అప్పగిస్తారు. కరువు ఏళ్ల తరువాత వారు ధర పెంచితే మొత్తం ప్రీమియం పెరుగుతుంది. ఖరీఫ్ నూనెగింజలకు రైతు వాటా గరిష్ఠంగా 2 శాతమే కాబట్టి ఆ పెంపు చాలావరకు కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల మీద పడుతుంది. చెల్లింపు ఆలస్యమైతే ప్రభుత్వ వాటా జమ అయిందా, దిగుబడి వివరాలు అందాయా అన్నది ముందు ఆరా తీయండి.

హంద్రీ ఒడ్డు, కర్నూలు:
పంట బీమా కాదు గాని, రుజువు విషయంలో మా అనుభవం ఒకటి చెబుతాను. 2009 అక్టోబరు వరద తరువాత మా వీధిలో బురద ఎత్తిపోసే తొందరలో తడిసిన సరుకును బీమా సర్వేయరు రాకముందే పారవేసినవారు రుజువు లేక ఇబ్బంది పడ్డారు. దుకాణాల పాలసీలో వరద రక్షణ ఉందో లేదో విడిగా చూసుకోవాలి. ఇళ్లకైతే 2021 ఏప్రిల్ నుంచి వచ్చిన భారత్ గృహ రక్ష అనే ఇంటి బీమా పాలసీలో వరద రక్షణ ఉంది.

అనంత సేద్యం:
రైతుబిడ్డగారూ, మీ గ్రామానికి ఏ వర్షమాపకాన్ని నోటిఫై చేశారో, దాని రోజువారీ నమోదు ఏమిటో రైతు సేవా కేంద్రం ద్వారా రాతపూర్వకంగా అడగండి. ఈ-క్రాప్ (ఏ పొలంలో ఏ పంట వేశారో ప్రభుత్వం ఎక్కించే) నమోదు కాగితం జత చేయండి. దిగుబడి ఆధారిత బీమా ఉన్నవారు మరొకటి గమనించాలి: పీకి చేలో ఆరవేసిన పంట 14 రోజుల లోపు అకాల వర్షానికి తడిస్తే 72 గంటల్లో తెలియజేయాలి, ఆ నష్టాన్ని మాత్రం ఎవరి పొలానికి ఆ పొలంగానే అంచనా వేస్తారు.