గుడ్లగూబ ఉండలో దొరికిన పుర్రె: చెంప ఎముక విరిగిందా, అసలే లేదా?

ప్రశ్న:
గుడ్లగూబ కక్కిన ఉండలో 30 మి.మీ. పుర్రె, దాని కింది దవడలు రెండూ ఉన్నాయి. ఎలుక అనుకుంటే ముందు పళ్లకీ వెనక పళ్లకీ మధ్య ఖాళీ లేదు, వరసంతా మొనదేలిన పళ్లే. రెండు పక్కలా చెంప ఎముక వంపు లేదు, విరిగిన అంచూ కనబడదు. పైగా కింది దవడ కీలు దగ్గర రెండు నునుపు ముఖాలున్నాయి. తొలి క్షీరదాలకు రెండు దవడ కీళ్లుండేవంటారు కదా, ఇది ఆ పాత లక్షణమేనా?

జవాబు 1:
విరగలేదండీ. ఇది చుంచు పుర్రె, దానికి ఆ వంపు పుట్టుకతోనే పూర్తిగా ఉండదు. చుంచెలుక అంటాం గానీ అది ఎలుకల జాతి కాదు, హెడ్జ్‌హాగ్, మోల్‌లకు చుట్టం. ఎలుకకైతే ఒక్కో పక్క ఒక కుంతకం, తర్వాత ఖాళీ, ఆపైన మూడు చర్వణకాలు, పైనా కిందా కలిపి 16 పళ్లు.

ప్రజాతి తేలాలంటే 10 రెట్ల లెన్స్ పట్టండి. పై దవడలో కొక్కెంలా వంగిన పెద్ద కుంతకం వెనక ఒంటి మొన పళ్లెన్నో లెక్కపెట్టండి. ఒక్కో పక్క 4 ఉంటే సంకస్, మొత్తం 30 పళ్లు. 3 ఉంటే క్రోసిడ్యూరా, 28. అందరూ తప్పేది ఇక్కడే: నాలుగోది మరీ చిన్నది, బయటి నుంచి చూస్తే పక్క పళ్ల చాటున పడిపోతుంది. పుర్రెను తిరగేసి అంగిలి వైపు నుంచి చూడండి. పన్ను ఊడిపోతే దాని గుంతను లెక్కలో వేసుకోండి. మొనలు ఎర్రగా ఉంటే ఈ రెండూ కావు, సోరెక్స్ అనే ప్రజాతి ఉన్న ఎర్రపళ్ల చుంచుల శాఖ వైపు వెళ్లాలి. ఆ ఎరుపు ఇనుముది.

జవాబు 2:
దవడ సంగతి. మీరు చూసిన రెండు ముఖాలూ ఒకే ఎముకవి, దంతాస్థివి (పళ్లుండే కింది దవడ ఎముక). చుంచులు తర్వాత సొంతంగా తెచ్చుకున్న ఏర్పాటది. సుమారు 20 కోట్ల ఏళ్ల నాటి మోర్గానుకోడాన్ అనే తొలి క్షీరదం లాంటి జీవిలో కథ వేరు: దంతాస్థి పుర్రెలోని స్క్వామోసల్ ఎముకతో ఒక కీలు, కింది దవడలోనే ఉన్న ఆర్టిక్యులర్ ఎముక పుర్రెలోని క్వాడ్రేట్ ఎముకతో ఇంకో కీలు. ఆ రెండో కీలు ఎముకలే మన చెవిలో కూటకం, దాగలి అనే చిన్న ఎముకలయ్యాయి. ఈ సంబంధాన్ని జర్మన్ శరీర నిర్మాణ శాస్త్రజ్ఞుడు రైషర్ట్ 1837లోనే పిండాలను పరిశీలించి చూపించాడు. కాబట్టి ముఖాలు కాదు, ఎముకలు లెక్కపెట్టాలి.

ప్రశ్న అడిగినవారు:
లోపలి నుంచి చూస్తే ఒక పక్క 4 ఉన్నాయి, రెండో పక్క 3, ఒక గుంత. ఇంకా మట్టి పట్టి ఉంది, ఉడకబెట్టనా?

జవాబు 1:
అయితే సంకస్. ఉడకబెట్టొద్దు, అతుకులు విడిపోతాయి, పళ్లు రాలతాయి. గ్లౌజులు వేసుకుని, గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కల గిన్నెల సబ్బు కలిపి గంట నానబెట్టి, మెత్తని కుంచెతో తోమండి. నీళ్లు సన్నని జల్లెడలోంచే పారబోయండి, ఊడిన పన్ను అందులోనే దొరకొచ్చు. తెల్లబడాలంటే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో కొన్ని గంటలు చాలు. బ్లీచ్ మాత్రం వద్దు, ఎముక పొడిపొడి అవుతుంది. నీడలో ఆరబెట్టండి.