700 మి.లీ. ఆల్కహాల్, 300 మి.లీ. నీళ్లు కలిపితే లీటరు రావట్లేదు, ఎందుకు?

ప్రశ్న:
ల్యాబ్‌లో చేరి రెండు నెలలైంది. 70 శాతం ఇథనాల్ ఒక లీటరు తయారు చేయమన్నారు. నీరు లేని ఇథనాల్ 700 మి.లీ., డిస్టిల్డ్ వాటర్ 300 మి.లీ. విడివిడిగా కొలిచి పెద్ద సిలిండర్‌లో కలిపాను. లీటరు గీతకి 30 మి.లీ. పైనే తగ్గింది! చుక్క కూడా ఒలకలేదు. ఇంకోసారి చేసినా అంతే. సిలిండర్ గోరువెచ్చగా కూడా అయింది. నా చేతిలోనే ఏదో తప్పుందని టెన్షన్‌గా ఉంది. సగటు కట్టి డెన్సిటీ 0.852 అని రాశాను, అదైనా సరైనదేనా?

జవాబు 1:
మీ కొలతలో తప్పేమీ లేదండి. తప్పంతా ఆ సగటులోనే ఉంది. కలిపినప్పుడు బరువులు కూడతాయి కానీ ఘనపరిమాణాలు కూడవు. నీటి అణువులూ ఇథనాల్ అణువులూ విడిగా ఉన్నప్పటికన్నా దగ్గరగా సర్దుకుంటాయి. 20 డిగ్రీల దగ్గర లెక్క చూడండి: ఇథనాల్ 700 × 0.7893 = 552.5 గ్రాములు, నీళ్లు 300 × 0.9982 = 299.5 గ్రాములు. మొత్తం 852. అందులో ఇథనాల్ బరువు 64.8 శాతం. ఆ శాతానికి పట్టికలో డెన్సిటీ సుమారు 0.880. 852ని దానితో భాగిస్తే 968 మి.లీ. మీకు తగ్గిన 32 అదే. అంటే 968 మి.లీ.లో 700 ఇథనాల్, కాబట్టి ఘనపరిమాణం లెక్కన మీ సీసాలో ఉన్నది 70 కాదు, 72.3 శాతం.

మెండలీవ్ 1865లో డాక్టరేట్ కోసం సమర్పించిన పరిశోధన ఈ ఆల్కహాల్, నీళ్ల కలయిక మీదే. అంత లోతైన విషయం ఇది.

జవాబు 2:
నేనైతే సిలిండర్‌ని నమ్మను, త్రాసునే నమ్ముతాను. ఇథనాల్ వేడికి నీళ్లకన్నా దాదాపు ఐదు రెట్లు వ్యాకోచిస్తుంది, కాబట్టి వెచ్చగా ఉన్నప్పుడు గీత చూస్తే మోసపోతాం. బరువుకి ఆ బాధ లేదు. లీటరుకి ఇథనాల్ 552.5 గ్రాములు, నీళ్లు 333 గ్రాములు తూచండి, చాలు. ముందు సీసా మీది లేబుల్ చూసుకోండి. అది 96 శాతం రకమైతే 700 కాదు, 729 మి.లీ. కావాలి.

అడిగినవారు:
లేబుల్ చూశాను, నీరు లేనిదే. పారబోయకుండా, పూర్తిగా చల్లారాక లీటరు గీత దాకా నీళ్లు పోశాను. రెండింటికీ 34 మి.లీ. చొప్పున పట్టింది. రికార్డులో 0.852 కొట్టేసి 0.886 రాశాను.