చర్చ: శేషాచలం కేసు నేర్పిందేమిటి? కుర్చీలో ఉన్న నాయకుడితో హక్కుల సంఘం ఎట్లా నెగ్గుకురావాలి

స్వర్ణముఖి ఒడ్డు:
తిరుపతిలో కొత్తగా హక్కుల పనికి పూనుకున్న పిల్లల కోసం ఈ చర్చ మొదలుపెడుతున్నా. ప్రతిపక్షంలో ఉన్నన్నాళ్ళూ మన నిజనిర్ధారణ నివేదికను చేతబట్టుకుని మాట్లాడే నాయకుడికి, అధికారం రాగానే అదే సంఘం కంట్లో నలుసవుతుంది. 2015 ఏప్రిల్ 7న చంద్రగిరి మండలం శేషాచలం అడవిలో, ఎర్రచందనం దొంగరవాణాను అరికట్టే టాస్క్‌ఫోర్స్ కాల్పుల్లో 20 మంది తమిళ కూలీలు చనిపోయినారు. అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు గారు, ఆయన సొంతూరు నారావారిపల్లె కూడా అదే మండలం. ఆత్మరక్షణ కోసమే కాల్చినామని ప్రభుత్వం, బూటకపు ఎన్‌కౌంటరని సంఘాలు. ఆ తగువులో ఏ కాగితం నిలబడింది, ఏది చెల్లలేదు, తెలిసినవాళ్ళు వివరంగా రాయండి.

పాత పేపర్లు:
ఇది ఒక్క నాయకుడి సంగతి కాదన్నా. ఎమర్జెన్సీ నాటి ఎన్‌కౌంటర్ల మీద 1977లో మాజీ జడ్జి తార్కుండే నాయకత్వంలోని కమిటీ నివేదికలిచ్చినప్పుడు కుర్చీలో ఉన్నది జలగం వెంగళరావు గారు. భార్గవ కమిషన్‌ను వేసినారు గానీ, విచారణ రహస్యంగా జరపాలనే దగ్గర బెడిసికొట్టి అది మధ్యలోనే ఆగిపోయింది. 1985 సెప్టెంబర్ 3న వరంగల్‌లో ఒక ఎస్సై అంతిమయాత్ర సాగుతుండగా పిల్లల డాక్టరు రామనాథం గారిని చంపినప్పుడు ముఖ్యమంత్రి ఎన్టీఆర్. ఆ డాక్టరు పౌరహక్కుల సంఘం ఉపాధ్యక్షుడు, చంపింది పోలీసులేనని సంఘం ఆరోపణ. పార్టీలు మారినా వరస మారలేదు. అందుకే నాయకుడి మంచితనాన్ని నమ్ముకుని ఏ పనీ మొదలుపెట్టొద్దు, తేదీ వేసిన కాగితాన్ని నమ్ముకోండి.

చిత్తూరు వకీలు:
కాగితం అన్నారు కాబట్టి చెప్తా. ఎన్‌కౌంటర్ జరగ్గానే పోలీసులు కట్టే ఎఫ్‌ఐఆర్ చచ్చిపోయిన వాళ్ళ మీద, హత్యాయత్నం కింద ఉంటుంది. చాలామంది దాన్ని చూసి కేసు నమోదైందని ఊరుకుంటారు. అసలు తప్పు అక్కడే జరుగుతుంది. కుటుంబం తరపున విడిగా హత్య ఫిర్యాదు పెట్టాలి (అప్పుడు ఐపీసీ సెక్షన్ 302, ఇప్పుడు దాని బదులు వచ్చిన భారతీయ న్యాయ సంహిత, అంటే బీఎన్ఎస్, సెక్షన్ 103). స్టేషన్‌లో తీసుకోకపోతే ఎస్పీకి రిజిస్టర్డ్ పోస్టులో పంపి, ఆ రసీదుతో మేజిస్ట్రేటు దగ్గరికి పోవాలి. శేషాచలం కేసులో కూడా ఒక మృతుడి భార్య ఫిర్యాదు మీద, హైకోర్టు చెప్పినాకనే చంద్రగిరి స్టేషన్‌లో హత్య కేసు కట్టినారు.

ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘం వేసిన కేసులో 2009 ఫిబ్రవరి 6న హైకోర్టు ఐదుగురు జడ్జీల బెంచి, ప్రతి ఎన్‌కౌంటర్‌కూ ఎఫ్‌ఐఆర్ కట్టాల్సిందేనని చెప్పింది. సుప్రీంకోర్టు దానికి స్టే ఇచ్చింది. ఇప్పుడు మన చేతిలో ఉన్న ఆయుధం పీయూసీఎల్ అనే పౌరహక్కుల సంస్థ వేసిన కేసులో 2014 సెప్టెంబర్ 23న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు. అందులో 16 సూచనలున్నాయి. దర్యాప్తు సీఐడీ గానీ వేరే స్టేషన్ బృందం గానీ చేయాలి. పోస్టుమార్టం ఇద్దరు డాక్టర్లు చేయాలి, వీడియో తీయాలి. కాల్చిన తుపాకులు అప్పగించాలి. వెంటనే ప్రమోషన్లు, శౌర్య పతకాలు ఇవ్వకూడదు. వీటిలో ఏదైనా పాటించలేదనిపిస్తే కుటుంబం నేరుగా సెషన్స్ జడ్జికి ఫిర్యాదు చేయొచ్చు. ఈ చివరి దారి ఉన్నట్టే చాలామందికి తెలియదు, అది చూస్తే మనసు కష్టమవుతుంది.

జవ్వాది దారి:
దహనం తొందర గురించి కూడా రాయండి సార్. శవాన్ని కాల్చేస్తే సాక్ష్యం పోయినట్టే. 2015లో ఆరు మృతదేహాలకు రెండోసారి పోస్టుమార్టం జరిగిందంటే, ఆ కుటుంబాలు దహనం చేయకుండా కోర్టుకెక్కినందుకే. గాయం చుట్టూ చర్మం నల్లగా కమిలి ఉందా, మసి అంటుకుని ఉందా అన్నది దగ్గరి నుంచి కాల్చినారా లేదా చెప్తుంది. ఫోటో తీసేటప్పుడు పక్కన స్కేలు పెట్టి తీయండి. శవాల పక్కన పడున్న ఎర్రచందనం దుంగల మీద పాత పెయింటు గుర్తులు, నంబర్లు ఉన్నాయని సంఘాలు చూపించగలిగినాయి కదా, అదీ దగ్గరి నుంచి తీసిన ఫోటోల వల్లనే.

ఇంకోటి, భాష. చనిపోయిన వాళ్ళలో చాలామంది తిరువణ్ణామలై వైపు కొండ ఊళ్ళవాళ్ళు, వాళ్ళకు తెలుగు రాదు. తెలుగులో రాసి వేలిముద్ర వేయిస్తే, క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఆ సాక్ష్యం నిలబడదు. తమిళంలోనే రాయించి, అనువాదకుడి ప్రమాణపత్రం జతచేసి, మేజిస్ట్రేటు ముందు వాంగ్మూలం ఇప్పించండి (పాత సీఆర్‌పీసీ సెక్షన్ 164, ఇప్పుడు దాని బదులు వచ్చిన బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 183).

మామండూరు:
నేను ఒక మాట గట్టిగా చెప్తా, కోపం తెచ్చుకోవద్దు. 2013 డిసెంబర్‌లో ఇదే శేషాచలంలో ఇద్దరు అటవీ అధికారులను కూలీలు కొట్టి చంపినారు. మీ నివేదికలో ఆ ముక్క లేకపోతే, ముఖ్యమంత్రి ఒక్క ప్రెస్ మీట్‌లో మీ నివేదిక మొత్తాన్ని కొట్టిపారేస్తాడు. ఇక్కడి జనం కూడా ఆయన పక్కనే నిలబడతారు. 2003 అక్టోబర్ 1న అలిపిరిలో చంద్రబాబు గారి కాన్వాయ్ మీద మందుపాతర్లు పేలిన ఊరిది.

పాత పేపర్లు:
ఒప్పుకుంటున్నా. హక్కుల ఉద్యమ నాయకుడు బాలగోపాల్ గారు పౌరహక్కుల సంఘం నుంచి బయటికొచ్చింది ఇట్లాంటి ప్రశ్న మీదనే. ప్రజల పేరుతో జరిగే హింసను కూడా ప్రశ్నించాలన్నారు. 1998లో మానవ హక్కుల వేదిక పుట్టింది అట్లానే. నివేదిక మొదటి పేజీలోనే అధికారుల హత్యను రాయండి. తర్వాత మీరు అడిగేదానికి బలం వస్తుంది.

చిత్తూరు వకీలు:
జాతీయ మానవ హక్కుల కమిషన్ సంగతి. ఫిర్యాదుకు ఫీజు లేదు. ఘటన జరిగిన ఏడాదిలోపే పంపాలి, దాటితే తీసుకోరు. రాష్ట్ర కమిషన్ ముందే చేపట్టిన విషయాన్ని జాతీయ కమిషన్ ముట్టదు. అందుకని తొందరపడి రెండుచోట్లా పెట్టకండి, ఏదో ఒకటి తేల్చుకోండి. కమిషన్ చేసేది సిఫారసే. 2015లో ఒక్కో కుటుంబానికి 5 లక్షల రూపాయల మధ్యంతర సాయం, సీబీఐ దర్యాప్తు అని సిఫారసు చేస్తే, అది హైకోర్టు స్టేతో ఆగింది. కాబట్టి కమిషన్‌కు పంపిన రోజే, అవతలివాళ్ళు కోర్టుకు పోతారనుకుని కోర్టులో వేసే మన జవాబు (కౌంటర్) కూడా సిద్ధం చేసుకోవాలి.

స్వర్ణముఖి ఒడ్డు:
మరి నాయకుడికి వినతిపత్రం ఎట్లా ఇవ్వాలి? పర్యటనలో ఇస్తే వ్యక్తిగత సిబ్బంది చేతిలోకి పోయి మళ్ళీ అగపడదు.

సమాచార హక్కు సుబ్బు:
సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా ఫిర్యాదుల కార్యక్రమంలో ఇవ్వండి, నంబరు పడుతుంది. ఒక్క పేజీ, మూడు కోరికలకు మించకుండా. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు ఆయనే రాసిన లేఖ ఉంటే వెనకాల జతచేయండి. ఏడెనిమిది పేజీల వినతిని ఎవరూ చదవరు.

నెల తర్వాత సమాచార హక్కు కింద అడగండి. జిల్లా ఆఫీసుకైతే ఫీజు 10 రూపాయలు, మండలంలో 5, గ్రామంలో ఏమీ లేదు. నకలుకు పేజీకి 2 రూపాయలు. ‘ఎందుకు చర్య తీసుకోలేదు’ అని అడిగితే జవాబు రాదు. శవపంచనామా నకలు, మేజిస్టీరియల్ విచారణ ఉత్తర్వు, ఆరోజు తుపాకులూ తూటాలూ ఇచ్చిన రిజిస్టరు పేజీ, వాహనాల లాగ్‌బుక్కు అని పేరుపెట్టి అడగాలి. దర్యాప్తు సాగుతోందని సమాచార హక్కు చట్టం సెక్షన్ 8(1)(హెచ్) చూపించి ఇవ్వమంటారు. సాగుతోందన్నంత మాత్రాన చాలదు, ఇస్తే దర్యాప్తుకు ఎట్లా అడ్డమో వాళ్ళే చెప్పాలి. ఆ మాట రాసి 30 రోజుల్లో మొదటి అప్పీలు వేయండి.

2022 ఏప్రిల్ 4న చిత్తూరు నుంచి తిరుపతి జిల్లా విడిపోయింది కదా. చంద్రగిరి పాత ఫైలు చిత్తూరులో ఉందని తిరుపతివాళ్ళు, పంపించేసినామని చిత్తూరువాళ్ళు తిప్పుతారు. దరఖాస్తులోనే ‘మీ దగ్గర లేకపోతే 6(3) కింద ఐదు రోజుల్లో బదిలీ చేసి నాకు తెలపండి’ అని రాయండి. తిరుపతి కలెక్టరేట్‌కు ఒకటి, చిత్తూరుకు ఒకటి, ఒకేరోజు పోస్టు చేయండి.