శోభిత పెళ్లిలో కట్టిన పొందూరు చీర లాంటిది ఎక్కడ దొరుకుతుంది?

2024 డిసెంబర్ 4న అన్నపూర్ణ స్టూడియోలో నాగచైతన్య, శోభిత పెళ్లయినప్పుడు అందరూ ఆ బంగారు రంగు కంజీవరం గురించే మాట్లాడుకున్నారు గానీ, మా చెల్లి కన్ను మాత్రం ఎర్రంచు తెల్ల పొందూరు ఖాదీ మీద పడింది. దాని పెళ్లి ఈ మాఘంలోనే, తలంబ్రాలప్పుడు అదే కావాలని ఒకటే పట్టు. అమ్మేమో "పెళ్లికూతురికి ఖద్దరేంటే" అని టెన్షన్. నాకైతే ఆ పెళ్లి మొత్తంలో నచ్చింది అదే, మిగతా పాత కథలు తవ్వి తీసేవాళ్లకి వేరే పనే లేదు!

ఇక్కడ ఒక షాపులో పొందూరు అని చూపించింది పట్టుకుంటే జారిపోతోంది, పవర్‌లూమ్‌దేమోనని అనుమానం. అసలుదైతే పత్తిని వాలుగ చేప దవడతో శుభ్రం చేసి చేత్తో వడుకుతారు కదా, మరి పట్టుకుని చూస్తే తేడా ఎలా తెలుస్తుంది? శ్రీకాకుళం వైపు వాళ్లెవరైనా ఉంటే చెప్పండి, నేరుగా పొందూరు వెళ్తే ఎర్రంచు చీర ఉంటుందా, ముందే ఆర్డర్ ఇవ్వాలా? ధర ఎంతవుతుందో కూడా చెప్తే అమ్మని ఒప్పించే పని నేను చూసుకుంటాను.