డబ్బులు తిరిగిచ్చేస్తే ‘ది డే బిఫోర్’ మోసం కాకుండా పోద్దా?

పెన్నా_గట్టు (నెల్లూరు):

జాంబీ ఆటల మాటొచ్చినప్పుడల్లా ఇక్కడ ఎవరో ఒకరు అంటానే ఉన్నారు, ‘ది డే బిఫోర్ వాళ్లు డబ్బులు తిరిగిచ్చేశారు గదా, ఇంకా ఏందబ్బా మీ గోల’ అని. నేను ఒప్పుకోను. ఎందుకో చెప్తా. కాదనేవాళ్లు కారణం చెప్పి కాదనండి.

తెలియనోళ్ల కోసం ముందు కథ. 2021 జనవరిలో ఫంటాస్టిక్ అనే స్టూడియో ఈ ఆట ప్రకటించింది. ఎంఎంఓ అన్నారు, అంటే పెద్ద లోకంలో బోలెడు మంది ఒకేసారి తిరిగే ఆట. ట్రైలర్లో బురదలో దిగబడే బండ్లు, అడవి దార్లు, పాడుబడ్డ నగరం. కంప్యూటర్ ఆటలు అమ్మే స్టీమ్ అనే ఆన్‌లైన్ అంగట్లో, జనం కొనాలనుకుని గుర్తుపెట్టుకునే విష్‌లిస్టుల వరసలో మొదటి స్థానం దాకా పోయింది. ఆ తర్వాతంతా వాయిదాలే. 2022 జూన్ అన్నారు. ఆటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్ అన్‌రియల్ ఇంజిన్ 5కి మారుతున్నాం, 2023 మార్చి 1 అన్నారు. 2023 జనవరిలో పేరు మీద ట్రేడ్‌మార్క్ గొడవొచ్చి స్టీమ్ పేజీ కూడా పోయింది. నవంబర్ 10 అన్నారు. ఆఖరికి డిసెంబర్ 7న, అదీ ఎర్లీ యాక్సెస్‌గా, అంటే పూర్తి కాకముందే అమ్మకానికి పెట్టే పద్ధతిలో, 39.99 డాలర్లకి వదిలారు. నాలుగు రోజులకే, 11న, స్టూడియో మూసేస్తున్నాం అని చెప్పేశారు. 2024 జనవరి 22న సర్వర్లు ఆగిపోయినాయి.

ఆట బాగలేకపోవడం వేరు, చెప్పిన ఆట ఒకటి చేతిలో పెట్టిన ఆట ఇంకొకటి కావడం వేరు. వచ్చింది ఎంఎంఓ కాదు. న్యూ ఫార్చూన్ సిటీ అనే నగరంలోకి కాసింత మందితో దిగి, సామాను ఏరుకుని, బయటపడే చోటికి పరిగెత్తే ఎక్స్‌ట్రాక్షన్ షూటర్. వీధులకి వీధులు తిరిగినా జాంబీలు ఒకటీ అరా. గొడ్డలో కర్రో పట్టుకుని కొట్టే ఏర్పాటే లేదు. తుపాకీలో గుళ్లు అయిపోయి, చేతికి దొరికింది పట్టుకుని నిలబడినప్పుడే గదా జాంబీ సర్వైవల్‌లో గుండె దడదడలాడేది! అదే లేకపోతే ఇంకేం ఆట?

ఒంగోలు_గిత్త:

అన్నా, నీ కోపం న్యాయమే. మోసం అనే మాట దగ్గరే నాకు పేచీ. మోసం చేసేవాడు డబ్బు తీసుకుని పోతాడు. ఇక్కడ పబ్లిషర్ మైటోనా స్టీమ్‌తో మాట్లాడి కొన్నోళ్లందరికీ తిరిగిచ్చే ఏర్పాటు చేసింది. మామూలుగా స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, 2 గంటలకన్నా తక్కువ ఆడుంటేనే వాపసు. ఇక్కడ ఆ షరతు చూడలేదు.

నో మ్యాన్స్ స్కై అనే ఆట గుర్తుందా? 2016 ఆగస్టులో వచ్చినప్పుడు జనం ఇంతకన్నా ఎక్కువే తిట్టారు. 2018 జులై అప్‌డేట్‌తో నలుగురూ కలిసి ఆడే ఆట అయింది. సైబర్‌పంక్ 2077 ఆటని 2020 డిసెంబర్‌లో సోనీ తన స్టోర్ నుంచే తీసేసి, 2021 జూన్‌లో మళ్లీ పెట్టింది. ఈరోజు ఆ రెండింటినీ నెత్తిన పెట్టుకుంటున్నాం. ది డే బిఫోర్ వాళ్ల దగ్గర అన్నాళ్లు నిలబడే డబ్బు లేదు, మునిగారు. నేను గేమ్ ఆర్ట్ నేర్చుకుంటున్నా. ఒక తలుపుకి తుప్పు పట్టినట్టు కనపడాలంటే ఎంత పనో నాకు తెలుసు. ఆ నగరం గీసినోళ్లు దొంగలని నేను అనలేను.

పెన్నా_గట్టు:

గీసినోళ్లని ఎవరన్నారు తమ్ముడూ? అమ్మినోళ్లని అంటున్నా. నువ్వు చెప్పిన రెండు స్టూడియోలూ తిట్లు తిని కూర్చుని ఏళ్ల తరబడి బాగు చేసినాయి. వీళ్లు నాలుగు రోజులకే తలుపు మూశారు. పైగా వచ్చిన ఆదాయం భాగస్వాముల అప్పులు తీర్చడానికి పోతోందని ఆ ప్రకటనలోనే రాశారు. ఎర్లీ యాక్సెస్ అంటే ‘ఇప్పుడు సగమే ఉంది, మిగతాది కట్టుకుంటా పోతాం’ అని మాటివ్వడం. డేజడ్ అనే జాంబీ ఆట అట్టాగే 2013 డిసెంబర్‌లో ఎర్లీ యాక్సెస్‌కొచ్చి 2018 డిసెంబర్‌కి 1.0, అంటే పూర్తి ఆట, అయింది. లోపాలు బోలెడు, కానీ పని ఆపలేదు.

కావలి_రొయ్య:

మాకు రొయ్యల గుంటలున్నాయి, నాకు తెలిసిన సంగతి చెప్తా. హేచరీవాడు మంచి సీడు అని చెప్పి ఇంకోటి పంపిస్తాడు. పిల్ల తేలిపోద్ది. వెళ్లి గట్టిగా అడిగితే సీడు డబ్బులు చేతిలో పెడతాడు. గుంటకేసిన సున్నం, ఏరేటర్లకి కాలిన డీజిలు, పోయిన పంట ఎవరిస్తారు? ఈ ఆట కోసమే అప్పు చేసి గ్రాఫిక్స్ కార్డు మార్చినోళ్లు నా స్నేహితుల్లోనే ఉన్నారు. ఆట డబ్బు తిరిగొచ్చింది. కార్డు ఈఎంఐ ఇంకా నడిచింది.

ఒంగోలు_గిత్త:

కార్డు పనికి రాకుండా పోలేదు గదన్నా, వేరే ఆటలకి వాడుకుంటారు. దాన్ని కూడా స్టూడియో నెత్తిన రుద్దడం సబబు కాదు.

కావలి_రొయ్య:

అది నిజమే, కార్డు మాట వెనక్కి తీసుకుంటా. మూడేళ్లు ఆశపెట్టిన సంగతి మాత్రం తీసుకోను.

ఉదయగిరి_చెంచా:

అన్నలూ, కొన్నోళ్ల సంగతే మాట్లాడుతున్నారు, పని చేసినోళ్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. 2022లో ఈ స్టూడియో వాలంటీర్ల గొడవ బయటికొచ్చింది. అనువాదాల్లాంటి పనులు జీతం లేకుండా అభిమానులతో చేయించుకుంటున్నారని అందరూ నిలదీశారు. మాలాంటి చిన్న ఊళ్ల పిల్లలు ‘పేరొస్తుంది, అనుభవం వస్తుంది’ అనే మాటకి తొందరగా పడిపోతారు, అందుకే ఇది నన్ను బాగా కుదిపింది. 2024లో జర్మనీ గేమ్ పాత్రికేయులు మాజీ ఉద్యోగులతో మాట్లాడి కథనం ఇచ్చారు. లోపల ఎంఎంఓ పని అసలు జరగనే లేదని ఆ ఉద్యోగులు చెప్పినట్టు అందులో ఉంది. అది నిజమైతే డబ్బుల్లేక ఆగిపోయిందనే వాదన నిలబడదు. లేనిదాని పేరు చెప్పి పిలిచారు.

ఒంగోలు_గిత్త:

అక్కా, నా మనసు కొంచెం మారిందంటే ఈ మాట వల్లే. అయినా ఉద్యోగులు ఒక పక్క చెప్పింది అది. యజమానులది తప్పుడు అంచనానా, కావాలని చెప్పిన అబద్ధమా అనేది మనం తేల్చలేం. ‘తప్పుడు ప్రకటన’ అను, సంతకం పెడతా. మోసం అనడానికి ఇంకా చెయ్యి రాదు.

దర్శి_కుర్రోడు:

వాపసు అందరికీ వచ్చింది అంటున్నారు, మా మేనమామ కొడుక్కి రాలేదు. ఇంటర్ చదివే పిల్లోడు, బ్యాంకు కార్డు లేదు. ఒంగోల్లో ఒక షాపులో నోట్లు ఇస్తే, షాపాయన తన ఖాతాలో ఆట కొని ఆ పాస్‌వర్డ్ వీడికిచ్చాడు. వాపసు ఎట్టా కట్టారో అట్టాగే షాపాయనకి పోయింది. అడిగితే, ‘నువ్వడిగిన ఆట నీకిచ్చా, ఆడుకున్నావు, నాకు సంబంధం లేదు’ అంటన్నాడు. పిల్లోడు ఇంట్లో చెప్పలేక నా దగ్గరికొచ్చాడు. ఇప్పుడు దీన్నేమనాలి?

ఒంగోలు_గిత్త:

షాపాయనది మోసమే. ఇందులో నాకు రెండో మాట లేదు.

పెన్నా_గట్టు:

దర్శి తమ్ముడూ, మన జిల్లాల్లో సగం మంది పిల్లలు కొనేది ఇట్టాగే. చట్టం సంగతి చెప్తా విను. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో తప్పుదారి పట్టించే ప్రకటన అంటే ఏందో స్పష్టంగా రాశారు. వస్తువుని తప్పుగా వర్ణించినా, దాని స్వభావం గురించి కొనేవాణ్ని పొరపాటు పడేలా చేసినా అందులోకి వస్తుంది. 2020 ఈ-కామర్స్ నియమాలు మన దేశంలో కార్యాలయం లేకపోయినా ఇక్కడి వాళ్లకి పనిగట్టుకుని అమ్మేవాళ్లకి కూడా వర్తిస్తాయి. ఒంగోలు తమ్ముడు ‘తప్పుడు ప్రకటన’ అంటే సంతకం పెడతానన్నాడు. నాకు అది చాలు, పేరు కోసం కొట్లాడను.

షాపు సంగతికి ముందు 1915కి ఫోన్ చెయ్. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి పో. ఇప్పుడు మనం ఉండే జిల్లాలోనే ఫిర్యాదు వేసుకోవచ్చు, చెల్లించిన మొత్తం 5 లక్షల లోపయితే ఫీజు లేదు, వకీలు లేకపోయినా పర్లేదు. డబ్బు ఇచ్చినట్టు ఆధారం ఉందా?

దర్శి_కుర్రోడు:

చీటీ ఇవ్వలేదన్నా. పాస్‌వర్డ్ పంపిన వాట్సాప్ మెసేజ్ ఉంది, అందులో ఆట పేరూ రేటూ రాసున్నాయి. పిల్లోడు భయపడి తుడిచేద్దామన్నాడు, నేనే ఆపా.

ఉదయగిరి_చెంచా:

తుడవొద్దు. తేదీ, నంబరు కనపడేటట్టు స్క్రీన్‌షాట్ తీసి నీ ఫోన్లోకి పంపించుకో. పిల్లోడికి 18 నిండకపోతే ఫిర్యాదు మీద పెద్దవాళ్ల సంతకం కావాలి, కాబట్టి ముందు వాళ్ల నాన్నకి నువ్వే చెప్పు. తిడితే నువ్వు పక్కనుండు.

ఒంగోలు_గిత్త:

నేను ఒంగోల్లోనే ఉంటా. షాపు ఏ రోడ్డులోనో ఇక్కడ పెట్టొద్దు, నాకు విడిగా పంపు. కేసు దాకా పోకముందు ఒకసారి ఇద్దరం వెళ్లి మర్యాదగా అడుగుదాం. వాపసు వచ్చినట్టు ఆయన ఖాతాలోనే కనపడుద్ది, చూపించమందాం.

దర్శి_కుర్రోడు:

సరే అన్నా, ఆదివారం వస్తా.