స్పేర్ డీజిల్‌కి ఏ క్యాన్ మంచిది?

గాజువాక నుంచి పాడేరు వైపు జీపులో తరచూ వెళ్తుంటాను. మొన్న పాత నీళ్ల క్యాన్‌లో 10 లీటర్ల డీజిల్ పెట్టాను. వంజంగి చేరేసరికి మూత దగ్గర కారి, దుప్పట్లన్నీ ఒకటే కంపు! ఇనుప జెర్రీక్యాన్ కొనాలా, ప్లాస్టిక్‌దా?

జవాబు 1: ముందు ఆ నీళ్ల క్యాన్ పక్కన పడేయండి గురూ. నాది 20 లీటర్ల ఇనుప జెర్రీక్యాన్. దానికి మూడు పిడులెందుకో తెలుసా? నిండుదైతే ఇద్దరు పట్టుకోవచ్చు, ఖాళీవైతే ఒక్క చేత్తో రెండు మోయొచ్చు. మన సముద్రపు గాలికి అడుగున తుప్పు పట్టింది, అదొక్కటే తంటా. అంచుదాకా నింపకండి, ఎండకి డీజిల్ వ్యాకోచిస్తుంది.

జవాబు 2: తుప్పు గొడవ వద్దంటే ఇంధనం కోసమే చేసిన హెచ్‌డీపీఈ (గట్టి రకం ప్లాస్టిక్) క్యాన్ తీసుకోండి. ఏ క్యానైనా సరే బండిలోంచి దించి, నేలమీద పెట్టే నింపించండి. స్టాటిక్‌తో, అంటే రాపిడికి పుట్టే కరెంటుతో, నిప్పురవ్వ పుట్టొచ్చు, పెట్రోలైతే మరీ ప్రమాదం.

అడిగినవారు: ఇనుపదే కొంటాను. దుప్పట్లు మాత్రం మూడుసార్లు ఉతికినా వాసన పోలేదండీ.